ఆరని ఆనపబుర్ర

కొల్లేటి లంకల్లో బుర్రకథ చెప్పే పెద్దాయన ఒకరు, పగిలిన తంబుర సంచిలో పెట్టుకుని ఏలూరులో నా వాద్యాల మరమ్మతు గదికి వచ్చారు.

"గొంతు ఆపరేషనంట బాబూ. తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఈలోగా మా ఊళ్ళో ఒక్క కథ చెప్పుకోవాలండీ."

"ఎప్పుడంట బాబాయిగారూ?"

"షుగరు తగ్గాక. తగ్గకుండా నేను చూసుకుంటాలెండి!"

ఈ పని నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొలిచి, లెక్క కట్టి నేర్చుకున్నాను. తంబుర కింద పగిలిన ఆనపబుర్ర చుట్టుకొలత ముప్పయ్యారు అంగుళాలు. అదే కొలతకి ఫైబరుది బిగించి చూపించాను. "బకెట్లో తల పెట్టి పాడినట్టుందండీ" అని నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

దానికి చేదు ఆనపకాయే కావాలి. తీగ మీదే ముదిరి, తొడిమ ఎండాక కోయాలి. కొల్లేరు చుట్టూ చేపల చెరువులే, అంత కాయ కాసే పాదు ఎక్కడా లేదు. చివరికి నల్లజర్లలో ఒక రైతు దొడ్లో, విత్తనానికి వదిలిన కాయ దొరికింది. టేపు చుట్టి చూస్తే కొలత సరిపోయింది. తొడిమ ఇంకా పచ్చగానే ఉంది. పెద్దాయన సంగతి ఆ ఇంటావిడకి చెప్పి, ఎండాక వస్తానని వచ్చేశాను.

వారం తిరక్కుండా ఆవిడ ఫోను. "మనసాగలేదు అన్నయ్యగారూ. కాయ కోసి బస్సులో పంపించేశాను. నాలుగు వంకాయలు కూడా పెట్టాను, వండించుకోండి."

"చాలా మేలు చేశారమ్మా" అన్నాను. ఇంకేమనను?

పచ్చి కాయ, బొటనవేలితో నొక్కితే లొత్త పడింది. అయినా నీడన వేలాడదీశాను. తొడిమ దగ్గర బూజు పట్టి, నీరు కారడం మొదలైంది. అప్పటికి పెద్దాయన షుగరు తగ్గింది.

ఆసుపత్రిలో చేరేముందు నా గదికి వచ్చారు. వేలాడుతున్న కాయని చూసి, పక్కకి జరిగి కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచక ఫోనులో తంబుర శ్రుతి పెట్టాను. ఆయన గొంతు కలిపి కథలో రెండు మాటలు చెప్పి, తంబుర మీటుతున్నట్టు భుజం దగ్గర చెయ్యి ఆడించి ఆగారు. ఫోనులో శ్రుతి మోగుతూనే ఉంది.

"నేను ఆగితే ఇది ఆగదా అండీ?"

"ఆగదు బాబాయిగారూ."

కథలో ఎక్కడ ఆగాలో తన చేతికే తెలుసన్నారు, నోటికి తెలియదట. సరే, ఆ చేతినే చూస్తూ నేను ఫోను ఆపడం, మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాను. ప్రతిసారీ కొంచెం వెనకబడ్డాను.

"పోన్లెండి బాబూ" అని, ఆసుపత్రికి ఆటో ఎక్కడ ఎక్కాలో అడిగారు.