లెక్కలక్క, పెద్దావిడ, ఇరవయ్యో గుడ్డ

మా ఆపరేషన్ థియేటర్లో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ లెక్కలక్కే. మా అందరికంటే సీనియర్ నర్సు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. ఈ మాట నేను చెప్పడం కాదు, ఆవిడే చెప్పేది, వారానికి రెండుసార్లు, ఎవరూ అడక్కపోయినా.

ఆ లెక్కేమిటో ముందు చెప్పాలి. కడుపు కోసే ముందు ఎన్ని గాజుగుడ్డలు విప్పామో ఇద్దరు నర్సులం పైకి లెక్కపెట్టి గోడమీది బోర్డుకెక్కిస్తాం. కుట్లు వేసే ముందు మళ్ళీ లెక్కపెడతాం. నెత్తుట్లో తడిసిన గుడ్డల్ని నేను బకెట్లోంచి తీసి, నేలమీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద ఐదేసి చొప్పున వరసలు పెడతాను. లెక్కలక్క సర్జన్ గారి పక్కన నిలబడి ఉంటుంది, శుభ్రం చేసుకున్న చేతులతో కిందవి ముట్టుకోకూడదు కాబట్టి అక్కణ్ణించే చూస్తూ ఒకటీ రెండూ అంటుంది, ఆవిడతోపాటు నేనూ అంటాను. ఇద్దరి నోటా ఒకే అంకె రావాలి. తడిసిన గుడ్డ పేగుల మధ్య పేగులాగే ఉంటుంది, కంటికి ఆనదు. ఒక్కటి లోపల ఉండిపోతే చీముపట్టి మనిషి ప్రాణం మీదికొస్తుంది. అందుకని మా థియేటర్లో మిగతా విషయాల్లో ఎన్ని వేళాకోళాలైనా ఆడతాంగానీ లెక్క దగ్గర ఎవరూ నవ్వరు.

ఏడాది కిందట లెక్కలక్క ధ్యానంలో పడింది. టైర్ల షాపు మేడమీద రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన నేర్పిస్తారు. ఆయన పెద్దగా ఏమీ చెప్పరట. "రోజంతా నీలో నేను, నేను అంటూ ఒకటి లేస్తూ ఉంటుంది. దాన్ని కొట్టకు, తిట్టకు. వచ్చినప్పుడు వచ్చిందని చూడు, అంతే," అన్నారట. ఈవిడ ఇంటికొచ్చి దానికో పేరు పెట్టుకుంది, పెద్దావిడ అని. ఏ గదిలోకొచ్చినా ముందు తనకే కుర్చీ వెయ్యాలనే రకంట.

"ఇవాళ ఏడుసార్లు దొరికిందే," అనేది టీ గదిలో కూచుని.

"ఎవరక్కా?"

"పెద్దావిడే. పొద్దున సర్జన్ గారు నా నమస్కారం చూడకుండా వెళ్ళిపోయారా, బుస్సుమని లేచింది. పట్టేసుకున్నా."

మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఒళ్ళు మండేది. మాకెవరికీ మనసన్నదే లేనట్టు, దాన్ని ఈవిడే కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడేది. నేనేదైనా అనబోతే నా భుజం తట్టి, "నీకింకా టైముందిలేవే," అనేది. ఆ తట్టడం నాకు అస్సలు నచ్చేది కాదు.

అలాగని నాదేం తప్పు లేదనను. ఆవిడ అంకె చెప్పగానే "మీరు చెప్పాక ఇంకేముందక్కా" అనడం మా అందరికీ అలవాటు, నాకు మరీను. పదకొండేళ్ళుగా అదే పాట. అంటే ఆవిడ సంతోషించేది, పని తొందరగా తెమిలేది.

ఆ రోజు బల్లమీద ఉన్నది సిటీ బస్సు నడిపే ఆవిడ. నలభై దాటి ఉండవు. గర్భసంచిలో గడ్డ. మత్తు ఇవ్వబోయే ముందు లెక్కలక్క చెయ్యి పట్టుకుంది. అన్నేసి గేర్లు మార్చిన చెయ్యి, గట్టిగానే పట్టుకుంది.

"అంతా బాగానే అవుతుందా సిస్టర్?"

"నేనున్నాగా! నీకేం కాదు, పడుకో," అంది లెక్కలక్క. అని నావైపు చూసింది. మాస్కు పైన కళ్ళు నవ్వుతున్నాయి. పెద్దావిడ దొరికిందన్నమాట అనుకున్నాను.

ఆ రోజు ఇరవై గుడ్డలు విప్పాం, ఇరవయ్యీ వాడాం. కుట్లకు ముందు నేను వరసలు పెట్టాను. లెక్కలక్క మొదలెట్టింది, నేను అందుకున్నాను. పద్దెనిమిది దగ్గర ఆవిడ గొంతు కొంచెం ఆగి మళ్ళీ సాగింది. "ఇరవై," అంది. నా నోరు కూడా చిలకలాగా ఇరవై అనేసింది. కానీ నా కన్ను ఆఖరి వరస దగ్గర ఆగిపోయింది. ఆ గుడ్డలు ఒకదాంట్లో ఒకటి ముడుచుకుపోయి ఉన్నాయి. నాలుగా? ఐదా?

"అక్కా, ఇంకోసారి లెక్కపెడదామా?" అన్నాను.

"నేను లెక్కపెట్టాక కూడానా?"

సర్జన్ గారు చెయ్యి చాపారు. "లెక్కలక్క చెప్పాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా నేను వినను. సూది ఇవ్వండి."

నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడమే కాదు, బోర్డు మీద టిక్కు కూడా పెట్టాను.

బస్సు డ్రైవరమ్మని పక్కనున్న కోలుకునే గదిలోకి తీసుకెళ్ళారు. గుడ్డల్ని సంచిలో వేసి మూతి కట్టి నడవాలో పెట్టాను. బోర్డు తుడిచేశాను. టీ గదిలోకి వెళ్ళేసరికి లెక్కలక్క కప్పు ముందు పెట్టుకుని గోడకేసి చూస్తోంది. టీ మీద మీగడ కట్టేసింది.

"ఏమైందక్కా?"

"ఇరవై అన్నప్పుడు నేను గుడ్డల్ని చూడట్లేదే."

"మరి?"

"పద్దెనిమిది దగ్గర పెద్దావిడ వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పన్నా ఉందా, అంటూ వచ్చింది. పట్టుకున్నా. భలే పట్టుకున్నానే అనుకున్నా. ఆ సంతోషంలో పంతొమ్మిది అన్నాను, ఇరవై అన్నాను. ఏం చూసి అన్నానో గుర్తు రావట్లేదు."

నాలుగా, ఐదా అని నాకొచ్చిన అనుమానం మళ్ళీ లేచింది. సంచి ఇంకా వెళ్ళిపోలేదక్కా అన్నాను. ఇద్దరం నడవాలోకి పరిగెత్తాం.

చేతికి గ్లౌజులు తొడుక్కుని, నేలమీద కూచుని, ఒక్కొక్క గుడ్డ విప్పి పరిచి లెక్కపెట్టాం. పంతొమ్మిది. ఆవిడ ఒక్కతే లెక్కపెట్టింది. పంతొమ్మిది. నేను సంచి తిరగేసి దులిపాను, అడుగున చెయ్యి పెట్టి తడిమాను. థియేటర్లోకి వెళ్ళి బకెట్లో చూశాను, బల్లకింద చూశాను. తిరిగొచ్చేసరికి ఆవిడ మూడోసారి లెక్కపెడుతోంది.

"చెప్పాలంటారా?" అన్నాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, నేను అడిగిన మాట అదే. టిక్కు పెట్టింది నేను. పోతే ఇద్దరం పోతాం.

ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచి సర్జన్ గారి దగ్గరికి నడిచింది. ఆయన రెండో కేసుకని కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నారు.

"సార్, ఒక గుడ్డ తక్కువొస్తోంది."

"మీరేగా ఇరవై అన్నారు!"

"అన్నాను. చూడకుండా అన్నాను."

నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. ఆయన కుళాయి కట్టడం మర్చిపోయారు.

మా గుడ్డల్లో ఒక నీలం దారం నేసి ఉంటుంది. ఎక్స్‌రేలో అది తెల్లటి గీతలాగా కనిపిస్తుంది. తోసుకొచ్చే ఎక్స్‌రే మిషను పై అంతస్తులో ఎక్కడో ఉంది. అది వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ లెక్కలక్క డ్రైవరమ్మ మంచం పక్కనే నిలబడింది. ఆవిడ పొట్టమీది కట్టుకేసి చూస్తోంది, కట్టులోంచి లోపలికి చూడగలిగినట్టు. మళ్ళీ కోయాల్సొస్తే? మత్తు ఇంకా దిగనేలేదే, ఒంట్లో ఎంత నెత్తురుందని? నాకు ఇవే ఆలోచనలు. డ్రైవరమ్మ మత్తులోనే "స్టాపొచ్చిందా?" అని గొణిగింది. ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేవాళ్ళం.

ఎక్స్‌రే తెరమీద పడింది. వెన్నెముక, తుంటి ఎముకలు. సర్జన్ గారు ముక్కు తెరకానించి చూశారు. ఇంకో కోణంలో ఇంకోటి తీయించి చూశారు.

"ఏమీ లేదు," అన్నారు. ఊపిరి పీల్చుకున్నాక అరవడం మొదలెట్టారు. "ధ్యానాలు ఇంటి దగ్గర చేసుకోండమ్మా. ఇక్కడ కళ్ళు తెరుచుకుని పని చెయ్యండి. ఆ ఇరవయ్యోది దొరికేదాకా రెండో కేసు ఎక్కించేది లేదు." వార్డు ఆయాలతో సహా అందరూ వింటున్నారు. లెక్కలక్క తలవంచుకుని బయటికి వెళ్ళిపోయింది.

గుడ్డ నాకే దొరికింది. నా బకెట్ స్టాండు చక్రం కింద, నేలకి అంటుకుపోయి ఉంది. సర్జన్ గారు విసిరినప్పుడు బకెట్ పక్కన పడి ఉంటుంది. చూసుకోకుండా దానిమీదుగా చక్రం పోనిచ్చింది నేనే. స్టాండుకి చెయ్యేసేది నేను తప్ప ఎవరూ లేరు. ఇందాక బకెట్లో చూశానుగానీ దాని కింద చూడలేదు.

గదిలో ఎవరూ లేరు. ఏదో మూల దొరికిందని చెప్తే సరిపోతుంది. చక్రం మాట ఎత్తక్కర్లేదు. ఆవిడెలాగూ తిట్లు తినేసింది, ఇప్పుడు కొత్తగా నేనూ తినడం ఎందుకు? ఈ ఆలోచన ఎంత మర్యాదగా వచ్చిందంటే, చాలాసేపటిదాకా అది నా ఆలోచన కాదు, ఇంగితజ్ఞానం అనుకున్నాను. నా లోపల కూడా ఒకావిడ కుర్చీ వేసుకుని కూచుందని అప్పుడు తెలిసింది. తెలిసినందుకు నాకేమీ సంతోషం కలగలేదు.

గుడ్డని ట్రేలో పెట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. లెక్కలక్క కుళాయిల దగ్గర నిలబడి ఉంది. ట్రేలోకి చూసింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"తెరమీద ఏమీ లేదని కనబడగానే నాకేమనిపించిందో తెలుసా?" అంది.

"హమ్మయ్య అనిపించి ఉంటుంది."

"ఉండుంటే బావుండేదనిపించింది."

నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టున్నా కాకూడదనుకున్నాను.

"ఆ డ్రైవరమ్మ కడుపులో. ఉండుంటే, చూశారా, లెక్కలక్క కాబట్టి పట్టుకుంది అనేవాళ్ళుగా. ఒక్క క్షణమేలే. కానీ అనుకున్నానే. నన్ను నమ్మి చెయ్యి పట్టుకున్న మనిషి." ట్రేలో గుడ్డకేసి చూసింది. "ఏడాదిగా ఏడుసార్లు పట్టుకున్నా, తొమ్మిదిసార్లు పట్టుకున్నా అని లెక్కలు చెప్పుకున్నాను చూడు. ఆ లెక్కపెట్టింది కూడా పెద్దావిడేనే. నాకు భయంగా ఉంది."

అప్పుడు నేను చక్రం సంగతి చెప్పాను. చెప్పకుండా దాచేద్దామనుకున్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ నా భుజం తట్టలేదు. నీకింకా టైముంది అనలేదు. ట్రేకి రెండోవైపు పట్టుకుంది, అంతే. ఇద్దరం కలిసే సర్జన్ గారి దగ్గరికి వెళ్ళాం, ఆయన ఈసారి నన్నూ కలిపి తిట్టారు.

మధ్యాహ్నానికి డ్రైవరమ్మ పూర్తిగా లేచింది. "అంతా బాగానే అయిందా సిస్టర్?" అంది.

లెక్కలక్క నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచి, "అయిందమ్మా. మధ్యలో లెక్క చూడకుండా చెప్పాను, లోపలేమైనా ఉండిపోయిందేమోనని భయపడి ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదు," అంది. డ్రైవరమ్మ ఆవిణ్ణి చూసింది, తన పొట్టమీది కట్టుకేసి చూసుకుంది. దాహమేస్తోంది అంది.

మర్నాడు పొద్దున టీ దగ్గర నేనే అడిగాను, పెద్దావిడ వచ్చిందా అని. "వస్తూనే ఉంది. లెక్కపెట్టట్లేదే," అంది.

ఆ రోజు మొదటి కేసులో పన్నెండు గుడ్డలు. వరసలు శుభ్రంగా కనబడుతున్నాయి. ఇద్దరి నోటా పన్నెండే వచ్చింది. సర్జన్ గారు సూదికోసం చెయ్యి చాపారు.

"ఇంకోసారి లెక్కపెడదాం," అంది లెక్కలక్క.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. నాకు నడుం నొప్పిగా ఉంది. మీరు చెప్పాక ఇంకేముందక్కా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. దాన్ని మింగి, వంగి, మొదటి గుడ్డని పూర్తిగా విప్పి పరిచాను.

"ఒకటి," అన్నాం.