పేరు పిలిస్తే పలికిన గది

ఆ గది పలికింది కార్తీకంలో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలకి. ఇన్నేళ్ళకి ఇవాళ కూడా పోలీసు స్టేషన్ మెట్ల దగ్గర ఫినాయిలు వాసన, దాని కిందనుంచి తడిగోనె వాసన తగలగానే నా చెవి తనంత తానే వెనకగది వైపు తిరిగింది. సుభద్ర టీచరుగారు పోయాక కూడా ఈ అలవాటు నన్ను వదల్లేదు.

నేను గోదావరి మీద పడవ నడిపినవాణ్ణి. ఆవిడ అవతలి ఒడ్డు బడికి నా పడవలోనే వెళ్ళేవారు. మంచు పట్టిన పొద్దుల్లో పడవలో ఎదుటి మనిషి కూడా కనబడడు. అందుకని నది మధ్యలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేవాణ్ణి, వాళ్ళు "ఆయ్" అనాలి. ఒక్కరు పలక్కపోయినా తెడ్డు ఆపేసేవాణ్ణి. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. నా పేరు రాయడం వస్తే చాలండీ అన్నాను. "మీ ఒక్కరి పేరేనా సత్తిరాజుగారూ? మీ పడవెక్కినోళ్ళ పేర్లు ఎవరు రాస్తారండీ?" అన్నారు. పడవవాణ్ణి గారు అని పిలిచింది ఆవిడొక్కరే.

పట్నం పోలీసుల మీద ఫిర్యాదులు పెరిగాక ఊరివాళ్ళతో ఒక పర్యవేక్షణ సంఘం వేశారు. చెప్పకుండా స్టేషన్‌కు వెళ్ళి ఏ గదైనా తెరిపించి చూసే అధికారం దానిది. ఆవిడ అందులో చేరి నన్నూ లాక్కెళ్ళారు. లోపల అడుగుపెట్టగానే నా పడవ పద్ధతే పాటించేవారు. ఎస్సై మొదలు లాకప్పులో ఉన్నవాడి దాకా అందరినీ పిలిచేవారు.

"మేం బడిపిల్లలమాండీ?" అని నవ్వేవాడు ఎస్సై ప్రసాద్.

"పిల్లలైతే ఒకసారి పిలిస్తే చాలండీ" అనేవారు ఆవిడ.

ఆ మంగళవారం గేటు దగ్గర మంగ కూర్చుని ఉంది. ఆమె భర్త గంగరాజు రాజోలు వైపు రొయ్యల చెరువుకి కాపలాదారు. చెరువు మోటారు దొంగిలించాడని ఆదివారం అతన్ని పట్టుకొచ్చారు. మళ్ళీ ఇల్లు చేరలేదు.

"అప్పుడే వదిలేసేమండీ. గల్ఫు ఏజెంటు దగ్గరికి పోయుంటాడు" అన్నాడు ఎస్సై.

"చెప్పులు మీ మెట్లమీద వదిలేసి గల్ఫు పోయేడా బాబూ?" అంది మంగ.

టీచరుగారు పిలవడం మొదలుపెట్టారు. ఉన్నవాళ్ళందరూ పలికారు. లాకప్పు ఖాళీ. ఆఖరున "గంగరాజూ!" అన్నారు.

"ఆయ్."

పట్టుకొచ్చిన సామాను పెట్టే వెనకగదిలోంచి వచ్చింది. గోడ అవతలి గొంతులా లేదు. మంచులో, నీళ్ళమీద జారి, చాలా దూరంనుంచి వచ్చినట్టుంది.

"పిల్లి అండీ" అన్నాడు ఎస్సై. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ పిల్లి ఆయ్ అంటుందాండీ? మర్యాద తెలిసిన పిల్లే. తలుపు తీయించండి."

తాళంచెవి లేదన్నాడు. ఆవిడ ఆ తలుపుకే వీపు ఆనించి నేలమీద చతికిలబడ్డారు. "దొరికేదాకా కూర్చుంటానండీ. ఇంట్లో పొయ్యిమీద ఏమీ పెట్టి రాలేదు." కాసేపటికి సెంట్రీ వీర్రాజు, ఎస్సై వంక చూడకుండా, జేబులోంచి తాళంచెవి తీశాడు.

పాత సైకిళ్ళ మధ్య, తడిగోనెల మీద పడి ఉన్నాడు గంగరాజు. ఊపిరుంది. నోట్లో తువ్వాలు కుక్కి, తల వెనక గట్టిగా ముడేసి ఉంది. ఆ ముడి నా చేతులతోనే విప్పాను.

ఆసుపత్రిలో అతనికి మాట వచ్చాక, ఎలా పలికావని అడిగాను. "నేను పలకలేదు బాబాయ్. ఆ తువ్వాలుతో ఎలా పలుకుతాను? మీరు పిలిచినట్టే తెలీదు నాకు" అన్నాడు.

ఎస్సై మీద కేసు నడిచింది. వీర్రాజు సాక్ష్యం చెప్పాడు. ఆ రోజు కోర్టులోంచి బయటికొస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు, వేళ్ళు మంచుముద్దల్లా ఉన్నాయి. "మీ సంఘం రాకముందు ఆ గదిలో ఇంకొకడు పోయేడండీ. పేరు ఎవరూ అడగలేదు. అందుకే, పలికేవాడు లేకపోతే ఏ పేరు పిలిచినా ఆడే పలుకుతాడండీ."

టీచరుగారికి చెప్పాను. ఆవిడ భయపడలేదు, నవ్వలేదు. "అయితే ఆయన పేరు మనం కనుక్కోవాలండీ" అన్నారు. పోయేదాకా అధికారుల గుమ్మాలెక్కి అడుగుతూనే ఉన్నారు. దొరకలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను. స్టేషన్‌కు వెళ్ళిన ప్రతిసారీ అందరినీ పిలిచాక, తెలియని ఆయన పేరు పట్టేంతసేపు నోరు తెరుచుకుని ఆగుతాను.

ఆ మంగళవారం అక్కడున్నవాళ్ళు: సుభద్ర టీచరుగారు, ఎస్సై ప్రసాద్, సెంట్రీ వీర్రాజు, గేటు దగ్గర మంగ, గదిలో గంగరాజు, నేను సత్తిరాజు. ఇంకొకాయన.