మా ఆయన రాకెట్ గొట్టం

గల్ఫులో, రువైస్ అనే రిఫైనరీ ఊళ్ళో, మా వంటింటి సింకు దగ్గర రెండు పీచులుండేవి. ఒకటి గిన్నెలకి, రెండోది గొట్టానికి. గొట్టం అంటే మా ఆయన రాకెట్లో మందు పెట్టి కాల్చే అల్యూమినియం గొట్టం. దీపావళి తారాజువ్వకైతే అట్టగొట్టం, కాలాక పారేస్తాం. ఇది అలా కాదు. రెండు మూతలూ విప్పి, లోపలి మసి గోకి, కడిగి, ఆరబెట్టి, కొత్త రబ్బరు రింగులు వేసి, గ్రీజు రాసి, మళ్ళీ మందు పెట్టి మళ్ళీ కాల్చాలి. కాల్చేది ఆయన, గోకేది నేను. ఆ మసి కంపు కుళ్ళిన కోడిగుడ్డుకీ కాలిన టైరుకీ మధ్యలో ఉంటుంది. ఆ రోజు చారు పెట్టినా అదే వాసన.

ఆయన రిఫైనరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. నేను కాకినాడలో లెక్కలు చెప్పిన టీచర్ని. రువైస్ వచ్చాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. మాకు పిల్లలు లేరు. ఇల్లు కంపెనీది, క్లబ్బు కంపెనీది, కూరగాయలకి వెళ్ళే బస్సూ కంపెనీదే. ఒకవైపు సముద్రం, మిగతా అన్నివైపులా ఇసుక. ఆడవాళ్ళం మధ్యాహ్నాలు ఒకరింటికొకరం వెళ్ళి నిన్న చెప్పుకున్నవే ఇవాళా చెప్పుకునేవాళ్ళం. అందులో పిల్లల చదువుల కబుర్లు మొదలైతే నేను చాయ్ కప్పులు తీసే వంకతో లేచేదాన్ని.

అలాంటి నన్ను ఆ చలికాలం మొదట్లో అబూదాబీలో ఒక స్కూలువాళ్ళు పిలిచారు. వేసవి సెలవులయ్యాక చేరమన్నారు. అదే సమయానికి ఆయనకీ అబూదాబీ హెడ్డాఫీసుకి మారే అవకాశం వచ్చింది. ఊఁ అంటే చాలు. "అంటాలే. ఈ పెద్ద గొట్టం పనొక్కటీ అవనీ. ఒక్కసారి ఎగరేసేసి ఆ తృప్తితో వెళ్ళిపోదాం" అన్నారు. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, తాళి కట్టినవాడు నవ్వుతూ చెప్తుంటే.

ఈ పెద్ద గొట్టం సంగతి చెప్పాలి. శుక్రవారాలు ఎడారిలో రాకెట్లు ఎగరేసే జట్టు ఒకటుండేది. అందరూ ప్లాంట్లలో పనిచేసేవాళ్ళే, తెల్లవాళ్ళు ఎక్కువ. వాళ్ళందరికీ పెద్ద ఒక ఇంగ్లీషాయన, తెల్లగడ్డం, మోకాళ్ళ నొప్పులు. మేం ఆయన్ని పెద్దాయన అనే అనేవాళ్ళం. అనుమతులు తేవడం, మందు తెప్పించడం, ఎగిరే ముందు ప్రతి రాకెట్టునీ తడిమి చూడడం అన్నీ ఆయనే. ఆయన వద్దంటే వద్దే.

జట్టులో ఒకతను ఉద్యోగం మానేసి స్వదేశం వెళ్తూ తన పెద్ద గొట్టాన్ని మా ఆయనకిచ్చి వెళ్ళాడు. తీరా చూస్తే దానికి సరిపోయే పొడుగు మందు కడ్డీ దొరకడం మానేసింది, పొట్టిదే వస్తోంది. "మిగిలిన ఖాళీలో పెట్టే దిమ్మ అమ్ముతారు, కొనుక్కో, సరిపోతుంది" అన్నాడు పెద్దాయన. మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. సందులో ముక్క దోపి సర్దుకోవడం మెయింటెనెన్స్ కాదట. గొట్టాన్నే కోయించి పొట్టి చేయిస్తారట. కింది మూతని బయటికి రాకుండా ఆపే రింగు ఒకటుంటుంది, అది కూర్చోడానికి లోపల కొత్త గాడి తీయిస్తారట. మూత కూడా కొత్తదట. ఒక దిమ్మతో పోయేదానికి ఇంత భాగోతం.

దాంతో మా గురువారాలు అబూదాబీ పక్కనున్న ముసఫ్ఫాకి అంకితమయ్యాయి. ఆ రోజుల్లో మాకు గురు, శుక్రవారాలు సెలవు. అక్కడ ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక లేత్ షాపులో జగిత్యాల వైపు టర్నర్ ఒకతను ఉండేవాడు, తెలుగువాడని వెతుక్కుని పట్టుకున్నారు. రెండున్నర గంటల దారి, ట్రక్కుల వెనక ట్రక్కులు. పోనీ నన్ను బజారులో దింపుతారా అంటే, "అరగంట పనే, ఎందుకు దిగడం" అనేవారు. ఆ అరగంట ఎప్పుడూ భోజనాల వేళ దాటేది. నేను కారులో ఏసీ వేసుకుని, పెట్రోలు దండగని ఆయన గుర్తుచేస్తే తీసేసి, చెమటలు కక్కుతూ కూర్చునేదాన్ని.

"సార్, గిది పల్చటి గొట్టం. గట్టిగ బిగిస్తె సొట్ట వడ్తది. జర నిమ్మళంగ తియ్యాలె. వచ్చే గురువారం రాండ్రి" అన్నాడు టర్నర్ మొదటిరోజు.

"అంత దూరం నుంచి వచ్చాం భాయ్. యల్లా, ఇవాళే కానిచ్చెయ్యి."

"ఇయ్యాల ముదీర్ పంపు షాఫ్టులు అర్జెంటన్నడు సార్. గవి ఇడిసి గిది పడితె నన్ను ఇంటికి తోలుతడు." ముదీర్ అంటే వాళ్ళ మేనేజరు. టర్నర్ కారు వైపు చూసి, "అమ్మ ఎండల కూసున్నది గద, లోపలికి రమ్మనుండ్రి" అన్నాడు. ఆ పిలుపు మా ఆయనకి తట్టలేదు, అతనికి తట్టింది.

ఇంకో గురువారం, మూత దేంతో చెయ్యాలని అడిగితే మా ఆయన స్టీలుతో అన్నారు. మంచి రకం ముక్క తనే ఎంచి ఇచ్చారు. రిఫైనరీ బుద్ధి అది. అక్కడ ఏది అరిగినా, ఏది కారినా, దాని బదులు ఇంకా గట్టి లోహం బిగిస్తారు. అప్‌గ్రేడ్ అంటారు. మా ఇంట్లో కుళాయి పిడి విరిగితే స్క్రాపులోంచి వాల్వు చక్రం తెచ్చి వేశారు. స్నానానికి నీళ్ళు కావాలంటే రెండు చేతులతో తిప్పాలి.

ఆ స్టీలు మూత అద్దంలా మెరిసింది. మర్నాడు ఎడారిలో దాన్ని పెద్దాయన చేతికిస్తుంటే మా ఆయన మొహం వెలిగిపోయింది. పెద్దాయన అరచేతిలో బరువు చూసి, "స్టీలా?" అన్నాడు.

"అవును. అల్యూమినియంకంటే ఎంతో గట్టిది."

"అందుకే ఒప్పుకోను. లోపల ఒత్తిడి ఎక్కువైతే మెత్తటి లోహం చిరిగి ఊరుకుంటుంది. స్టీలైతే తునకలై మనుషుల మీదికొస్తుంది. ఎవరి గొట్టానికీ నేను స్టీలు ఒప్పుకోను" అని మూత తిరిగిచ్చేశాడు. అందరి ముందూ. మా ఆయన మూత జేబులో వేసుకుని, ఆ రోజంతా మిగతావాళ్ళ రాకెట్లకి చప్పట్లు కొట్టారు. నాకు జాలేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆ జాలి దాచుకుని అడగవలసిందే అడిగాను.

"హెడ్డాఫీసుకి ఎప్పుడు చెప్తున్నారు?"

"చెప్తానన్నాగా. ఈ మూత మళ్ళీ చేయించనీ."

నాకు కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేకపోయింది. స్కూలువాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. మా వారి బదిలీ తేలగానే చెప్తానని రెండుసార్లూ ఒకటే మాట చెప్పాను. చెప్తూ సింకులో చిన్న గొట్టాల మసి గోకుతున్నాను.

మళ్ళీ ముసఫ్ఫా. ఈసారి అల్యూమినియం మూత. అది అయ్యేసరికి గాడి అంచుకి మరీ దగ్గరగా ఉందని ఆయనకి అనుమానం, ఆ ముక్క కోసేయించి కొత్త గాడి ఇంకొంచెం లోపలికి తీయించారు. టర్నర్ గొట్టాన్ని నూనెగుడ్డతో తుడిచి ఇస్తూ, "ఖలాస్ సార్. ఇంక గోకితె మీకు గొట్టం మిగలది, ఉంగరాలే మిగుల్తయి" అన్నాడు. నేను చాలా రోజుల తర్వాత నవ్వాను. ఇంటికొచ్చాక పెరట్లో గొట్టం నిండా నీళ్ళు పట్టి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూశారు. చుక్క కారలేదు.

ఎండలు ముదిరేలోపు ఆఖరి శుక్రవారం ఎగరేశారు. పెద్దాయన గొట్టం లోపల వేలు పెట్టి గాడి చుట్టూ తడిమి, దిమ్మ పెట్టుకోవలసిందని ఇంకోసారి సణిగి, అందరినీ మామూలుకంటే రెట్టింపు దూరం జరగమని, సరే అన్నాడు. నా పని నీళ్ళ బకెట్టూ తడి గోనెపట్టా పట్టుకుని నిలబడడం. ప్లాంటులో నిప్పుతో పని చేస్తే పక్కనొక మనిషిని కాపలా పెడతారు. పని అయ్యాక కూడా ఆ మనిషి చాలాసేపు కదలకూడదు. మా ఆయన ఆ రూలుని ఎడారికి పట్టుకొచ్చి, ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఇసుక అంటుకుంటుందా అని ఎవరైనా నవ్వితే, రూల్ రూలే అనేవారు.

మీట నొక్కారు. మూత ఊడలేదు, గొట్టం చీలలేదు. తెల్లటి పొగ నిటారుగా లేచింది, చప్పుడు తర్వాతొచ్చి గుండెల్లో పడింది. మెడ నొప్పెట్టేదాకా పైకి చూశాను. ఎక్కడో పైన ఎర్రటి పారాచూట్ విచ్చుకుంది. మా ఆయన గెంతారు. పెళ్ళయ్యాక ఆయన గెంతడం అదే చూడడం. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, అబద్ధమెందుకు, సంతోషంతోనే. అయిపోయింది, ఇక వెళ్ళిపోతాం అనుకున్నాను. మనసులో అప్పుడే గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దేస్తున్నాను.

మగవాళ్ళంతా జీపుల్లో రాకెట్టు తేవడానికి పరిగెత్తారు. కాపలా మనిషిని కనక నేనూ, మోకాళ్ళ నొప్పులు కనక పెద్దాయనా మిగిలాం. ఆయన తన మడత కుర్చీ నావైపు జరిపి, "మీరు రువైస్‌లోనే ఉండిపోతున్నందుకు మాకు చాలా సంతోషం" అన్నాడు.

"ఉండిపోవడమా?"

"హెడ్డాఫీసుకి రానని చలికాలంలోనే చెప్పేశారుగా మీవారు. వచ్చే సీజన్ నుంచి ఈ జట్టంతా ఆయనకే అప్పజెప్పి నేను ఇంటికెళ్ళిపోతాను."

చలికాలంలో. అంటే గొట్టం ఇంకా కోయకముందు. ముసఫ్ఫాకి మొదటిసారి వెళ్ళకముందు. పెద్దాయన నా మొహం చూసి ఏదో అర్థమై, మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. తాగాను. అంత దాహంగా ఉందని నాకే తెలీదు.

తిరుగుదారిలో గొట్టం నా ఒళ్ళో, తువ్వాల్లో చుట్టి ఉంది. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నారు. పెద్ద రోడ్డెక్కాక అడిగాను, రానని చెప్పేశారట కదా అని. రాగం ఆగింది.

"అక్కడికెళ్తే బల్ల ముందు కూర్చుని సంతకాలు పెట్టాలోయ్. ఇక్కడ ప్లాంటులోనూ అంతే, ఎవడో చేసినవి బాగుచెయ్యడమే నా బతుకు. ఇదొక్కటే నేను చేసింది. నీకు చెప్తే గొడవ చేస్తావని..."

"నేనెప్పుడు గొడవ చేశానండీ?"

నిజంగా నేనెప్పుడూ చెయ్యలేదు. అన్నింటికన్నా నన్ను నలిపేసింది ఏమిటంటే, ఆయన చెప్పింది నాకు అర్థమైంది. చేసే పని ఏదో ఒకటి తనదంటూ ఉండాలన్న ఆశ నాకూ ఉంది. నా ఆశ గురించి నేను చెప్పినప్పుడు ఆయనకి అర్థం కాలేదు, అంతే తేడా.

"సరే, మీరుండండి. నేను వెళ్తాను. టీచర్లకి గదులిస్తారట" అన్నాను. వెళ్ళాలని గట్టిగా అనుకుని అన్న మాట కాదు. అలిసిపోయి, ఏమంటారో చూద్దామని అన్నాను. ఆయన కారు పక్కకి తీసి ఆపారు. అంత సీరియస్‌గా ఆయన నా వైపు తిరిగి చాలా ఏళ్ళయింది.

"నువ్వెళ్తే ఫ్యామిలీ క్వార్టర్ వెనక్కి తీసుకుంటారే. నన్ను బ్యాచిలర్స్ బ్లాకులో పడేస్తారు. ఆ గదిలో నా పనిబల్ల కూడా పట్టదు" అన్నారు.

నువ్వు లేకుండా నేనెలా ఉంటానని అనుంటే ఆగిపోయేదాన్ని. మాటవరసకి అన్నా చాలు, ఆ రోడ్డూ, ఆ ఎండా, ఆ మసీ ఇంకెన్నేళ్ళయినా పడేదాన్ని. మర్నాడు పొద్దున్న ఆయన డ్యూటీకి వెళ్ళగానే స్కూలుకి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాను.