మైదా పూసిన బొమ్మ

కొత్తగూడెం బస్టాండు వెనక పుస్తకాలు కిరాయికిచ్చే ఆమె వేళ్లకు ఎప్పుడూ మైదా అంటి ఉండేది. చిరిగిన పేజీలు అతికించడమే కాదు, పెద్దవాళ్లు చదివే బొమ్మల ప్రేమకథల్లో కొన్ని బొమ్మలను తెల్లకాగితంతో మూసేసేది.

నేనప్పుడు కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరాను. ఒక పుస్తకంలో హీరో తన మీదికి లాక్కుంటే హీరోయిన్ వద్దంటుంది. ఆ తర్వాతి బొమ్మ మీద కాగితం.

"ఇక్కడేముంది?" అని అడిగాను.

"ఆ పిల్ల సిగ్గుపడి నవ్వినట్టు గీసిండ్రు. వద్దన్నంక నవ్వుడేంది బిడ్డా? అందుకే కథ ఆడ్నే ఆపిన."

అంతకుముందు రోజే, నాతో పెండ్లి కుదిరినవాడు నేను వద్దంటున్నా వినకుండా బలవంతంగా ముద్దుపెట్టాడు. అది ప్రేమేనని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను.

ఆమెకు నా సంగతి ఏనాడూ చెప్పలేదు. ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను. ఆ రోజు పుస్తకం తెచ్చుకోలేదు, ఆమె మాట తెచ్చుకున్నాను.

"ఈ పెండ్లి ఈడ్నే ఆపు నాయినా," అన్నాను ఇంటికెళ్లి.