నిశ్శబ్దం కోసం వచ్చిన అమ్మాయి

తాడేపల్లిగూడెంలో నా దగ్గర లెక్కలు చదివే రోజుల్లో ఆ అమ్మాయి సరైన జవాబు రాసి కూడా, పక్కవాళ్ళది వేరుగా ఉంటే కొట్టేసేది. ఆ తరువాత హైదరాబాదులో ఒక సినిమా సౌండ్ స్టూడియోలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళి, అయిదో నెలలో రికార్డరుతో వచ్చి, నన్ను తోడుగా కొల్లేటికి తీసుకెళ్ళింది. మనిషి అలికిడి లేని అర నిమిషం నిశ్శబ్దం తెస్తేనే ఉద్యోగం ఇస్తామన్నారట.

కొల్లేటికోట దగ్గర ఒక లంకకు పడవను కట్టి, నడిపే ఆయన బీడీకని గట్టెక్కాడు. ఉదయం తొమ్మిది గంటలు. ఆ అమ్మాయి అరచేయి ఎత్తి, "ఊపిరి బిగబట్టండి మాస్టారూ" అంది. ముప్పై సెకన్లు లెక్కపెట్టాను.

విని చూస్తే అందులో ఎవరో నింపాదిగా ఏడుసార్లు ఊపిరి తీశారు.

"నీదేనేమో అమ్మా?"

"కాదండీ. మీదీ కాదు, మీ ముఖం కందిపోయింది కదా."

రికార్డరును పడవలోనే ఉంచి, మేమిద్దరం గట్టెక్కి, తాడు పది బారలు వదిలాం. ఖాళీ పడవలోనూ ఏడే.

"ఆ ఏడూ చెరిపెయ్యలేవూ?"

"రెండు నిమిషాల పనండీ. చెరపను. ఉన్నది ఉన్నట్టే ఇస్తాను. వద్దంటే ఇంకోచోట ఉద్యోగం చూసుకుంటాను."

కాగితం మీద 'మనుషులు సున్న, శ్వాసలు ఏడు' అని రాసింది. సరిచూసి సాక్షి సంతకం చేశాను.

తిరుగు ప్రయాణానికి పడవ ఎక్కి, నా పక్కన కాకుండా, మధ్యలో ఒకరికి చోటు వదిలి కూర్చుంది.