దొర ఫ్రిజ్, ఆరోగ్యమేరి సూది

ఈ కాలపు ఇన్సులిన్ పెన్నుకు వాసన ఉండదు, పొడుచుకొనే ముందు నేను పొట్ట మీద రుద్దుకొనే దూదికి ఉంటుంది. పొద్దున్నే ఆ స్పిరిట్ వాసన తగిలిందంటే నేను బంగారు గనుల ఊరైన రాబర్ట్‌సన్‌పేట బజారులో మా ఇంటి వసారాలో తొమ్మిదేళ్ల పిల్లనై, కుంపటి మీద గిన్నెలో మరుగుతూ గాజు సిరంజి చేసే టకటక చప్పుడు వింటూ నిలబడి ఉంటాను.

మాది బట్టల షావుకార్ల ఇల్లు. ఆ మాటకు ఇప్పుడు విలువ లేదని తెలుసు, అయినా చెప్తాను. ఉగాదికి గని కూలీలుండే లైన్ల ఇళ్లకూ చుట్టుపక్కల పల్లెలకూ కొత్తగుడ్డ మా అంగడి నుంచే పోయేది. బూదికోట తోటల నుంచి మాకు బండి మీద రాగులూ, గడ్డి పరిచిన గంపల్లో మామిడికాయలూ వచ్చేవి. ఓళిగలు కాల్చే నేతి వాసన వీధి మలుపు దాకా పోయేది. వేసవిలో, బంగారం తీసేసిన మట్టి పోసిన సయనైడ్ దిబ్బల మీంచి తెల్లటి దుమ్ము లేస్తే నాయన తల్లి, మా అవ్వ, మిద్దె మీద ఎండబెట్టిన మామిడి ముక్కల మీద పాతపంచె కప్పుతూ గనినీ గాలినీ కలిపి తిట్టేది. మేము మాత్రం ఆ దుమ్ము పట్టిన అరుగు మీద వేలితో గళ్లు గీసుకొని ఆడుకొనేవాళ్లం.

నాయనకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేవాళ్లం. రోజూ పొద్దున గనిలో షిఫ్టు సైరను, మేము సంగు అనేవాళ్లం, అది ఊదినాక కోరమండల్ గని లైన్ల నుంచి ఆరోగ్యమేరి నడిచి వచ్చి సూది వేసేది. గనిలో మొగుణ్ణి పోగొట్టుకొని, సూది పని నేర్చుకొని ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. ఆమె వసారా దాటి లోపలికి రాకూడదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు, ఎప్పుడూ దాటలేదు. నాయన ఆ రోజుల్లో బాగానే ఉండేవాడు.

గని సర్కారు చేతికి వచ్చినాక ఇంగ్లీషు దొరలు ఒక్కొక్కరే సామాను అమ్ముకొని ఓడ ఎక్కుతుంటే, ఒక బంగళా నుంచి నాయన ఫ్రిజ్ కొన్నాడు. మందు కోసమే కొన్నాడు. నలుగురు మోసుకొస్తుంటే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మాంసం పెట్టుకున్న బీరువా అని అవ్వ దాన్ని మూడు రోజులు చింతపండుతో తోమించి, పసుపునీళ్లు చల్లి, కుంకుమ పెట్టి, అప్పుడు నడిమింట్లోకి రానిచ్చింది. అందులో పాలు, పెరుగు, మల్లెపూలు పెట్టించింది. మందు దగ్గరే చిక్కు వచ్చింది. ఆ మందు పశువు కడుపులోంచి తీస్తారని ఎవరో ఆమె చెవిన వేసి ఉన్నారు.

"పెరుగు పక్కన దాన్ని పెడితే ఇంగ ఆ పెరుగు నేను ముట్టేదెట్ల?" అంది.

పైన చిన్న ఐస్ పెట్టె ఖాళీగా ఉంది. మా ఇంట్లో ఐస్ వాడేవాళ్లు లేరు. దానికి వేరే తలుపు కూడా ఉంది. మడికి మడి, మందుకు చల్లదనం అని అమ్మ సీసాను అందులో పెట్టింది. రాయిలా గడ్డకట్టిన దాన్ని తెల్లవారకముందే తీసి వసారా గూట్లో ఉంచితే, ఆరోగ్యమేరి వచ్చే వేళకు మళ్లీ నీరయ్యేది.

నెల తిరగకుండానే నాయన చిక్కిపోయాడు. చెంబుల కొద్దీ నీళ్లు తాగేవాడు. ఒకరోజు ఆరోగ్యమేరి సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూసింది.

"ఏందమ్మా ఇది, విరిగిన పాల మాదిరి పలుకులు పలుకులుగా ఉండాది? యాడ పెడతా ఉండారు?"

"ఫ్రిజ్‌లో," అంది అవ్వ. "మీ దొరల ఫ్రిజ్జే లే."

"ఒగసారి నేను సూడొచ్చునా పెద్దమ్మా?"

"సూది వేసేదానికి వచ్చినావా, ఇల్లు సోదా చేసేదానికి వచ్చినావా?"

మంచం మీది నుంచి నాయన అన్నాడు: "మా ఇంట్లో ఏది యాడ పెట్టల్లో మాకు తెలుసులే మేరీ, నువ్వు సూది వెయ్యి."

ఆమె నా వైపు తిరిగింది. "పాపా, నువ్వు చెప్పమ్మా. ఫ్రిజ్‌లో ఏ పక్క పెడతారు?"

నాకు తెలుసు. సీసా మీది మంచును గోటితో గీకి ఆడుకున్నదాన్ని. కానీ ఇంటి గుట్టు బయటివాళ్లకు చెప్పకూడదని నన్ను పెంచారు. వీపు నిటారుగా పెట్టి, "ఫ్రిజ్‌లోనే," అన్నాను.

నాలుగో రోజు నాయనకు తెలివి తప్పింది. జట్కాలో ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు సీసా చూసి, ఎక్కడ పెట్టారని అమ్మను అడిగాడు. అమ్మ చెప్పింది. "గడ్డకడితే ఆ మందు పనిచెయ్యదమ్మా," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం నాయన పోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్లతో అవ్వ, "ఆ లైన్లామె సూది తప్పు వేసింది," అంది. అమ్మ తల వంచుకుంది. నేను స్తంభం పక్కనే ఉన్నాను. తర్వాత బజారులో ఏ ఇల్లూ ఆరోగ్యమేరిని పిలవలేదు. ఆమె మా వీధి మీదుగా పోవడం నేను మళ్లీ చూడలేదు. మా షావుకారితనం కూడా ఎన్నాళ్లో నిలవలేదు. నాయన లేని అంగడి చేతులు మారింది, తర్వాత ఇల్లు. గని మూతపడింది, సంగు ఆగిపోయింది. దిబ్బల దుమ్ము ఒక్కటే ఇంకా లేస్తోంది.

పోయిన నెల కోరమండల్ వెళ్లాను. పైకప్పు రేకులు లేని గోడల మధ్య ఒక కొళాయి, బిందెల వరస. ఒక ముసలామెను ఆరోగ్యమేరి గురించి అడిగాను. అలవాటు కొద్దీ ముందు మా ఇంటిపేరు, అంగడి పేరు చెప్పాను. ఆ పేర్లు ఆమె ఎన్నడూ వినలేదు.

"సూదిమేరీనా? సచ్చిపోయి శానా ఏండ్లాయె. బజారులో ఎవురో షావుకారుకు సూది తప్పేసి సంపేసినాది గదా, ఆమేనా?"

"ఆమె తప్పు కాదు," అన్నాను. "ఆ షావుకారు మా నాయన. మందు చెడగొట్టింది మేము. అడిగితే నేను చెప్పలేదు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. బిందె నిండి పొర్లుతోంది. దాన్ని చంకకెత్తుకుంది.

"ఇంగ పక్కకు జరుగమ్మా," అంది, "ఎనకామె నీళ్లు పట్టుకోవల్ల."