గోరింటాకు సాక్ష్యం

అమెరికాలో మేముండే అరోరాలో మా ఫ్యాక్టరీ మమ్మల్ని తీసేసిందని తెలిశాక మా తెలుగువాళ్లు నన్ను పలకరించిన తీరు చూస్తే, పోయింది ఉద్యోగం కాదు నేనే అనిపించింది. గుళ్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని మరీ కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. నేనే ఏడవలేదు, ఆవిడకెందుకు?

నా పని వైర్ హార్నెస్‌లు కట్టడం. ట్రాక్టర్ల లోపల రంగురంగుల వైర్లు కట్టగట్టి ఉంటాయే, అవి. చెక్కబోర్డు మీద మేకుల మధ్య వైర్లను పరిచి, జడ అల్లినట్టు అల్లి, చివర్లకు క్లిప్పులు బిగించాలి. చుట్టూ అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే అయినా ఈ పని చేస్తానని చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా అంత నున్నగా కట్టేవాళ్లు లేరని మా సూపర్‌వైజరే అనేవాడు.

ఆ పేరు వల్లే అతను ఒకరోజు కెమెరా పట్టుకుని నా బోర్డు దగ్గరికి వచ్చాడు. కొత్తవాళ్లకు నేర్పడానికి నా చేతుల్ని వీడియో తీయాలన్నాడు. అది ఆషాఢం. టెక్సాస్‌లో మా పిన్ని పెరట్లో గోరింటాకు చెట్టుంది, ఏటా ఆకు కోసి పార్సిల్ పంపుతుంది. దాన్ని మిక్సీలో రుబ్బి వేళ్లకు టోపీలు, అరచేతిలో చందమామ పెట్టుకున్నాను. ఎర్రగా పండింది. సూపర్‌వైజర్ ఆ చేతులు చూసి కడుక్కుని రమ్మన్నాడు. కడిగితే పోయేది కాదన్నాక చేసేది లేక అలాగే తీశాడు. తర్వాత ఆ వీడియో నాకూ పంపాడు. నేను పిన్నికి పంపాను. ఆవిడ నా పనితనం వంక చూడనే లేదు, గోరింటాకు పండినందుకు మురిసిపోయింది.

చలికాలం వచ్చేసరికి మా బోర్డులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆర్డర్లు లేవని చెప్పి మమ్మల్ని ఇంటికి పంపేశారు.

దిగుమతుల వల్లో, పని విదేశానికి తరలిపోవడం వల్లో ఉద్యోగం పోతే ప్రభుత్వమే కాలేజీలో చదివిస్తుందని నా పక్క బోర్డు మీద పనిచేసిన మెక్సికన్ స్నేహితురాలు చెప్పింది. చదువుకున్నన్నాళ్లూ ఇల్లు గడవడానికి కొంత ఇస్తారట. ముగ్గురు కార్మికులు కలిసి పిటిషన్ పెడితే చాలట. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఒకసారి నాకు కడుపునొప్పి వచ్చి హాస్పిటల్‌కి వెళ్తే ఒకమ్మాయి స్కాన్ చేసింది. ఆమె చెయ్యి కదిలిన తీరు చూసినప్పటి నుంచి ఆ పని నేను చేయగలనని నాలో ఒక పిచ్చి నమ్మకం. ఆ చదువు నాకు కావాలి. మరోదారి లేదని కాదు, అదే కావాలి.

మా ఆయన హడలిపోయాడు. "సిటిజన్‌షిప్‌కి అప్లై చేసి గవర్నమెంట్ డబ్బు ముట్టుకుంటావా? మొత్తం రిజెక్ట్ చేస్తారు" అన్నాడు. ఈ జ్ఞానమంతా ఆయనకు బ్యాడ్మింటన్ కోర్టులో అబ్బింది. అక్కడ అందరూ ఇమిగ్రేషన్ లాయర్లే. నేను వాదించకుండా ఆయన్ని కార్లో ఎక్కించి ఉద్యోగ సహాయ కేంద్రానికి తీసుకెళ్లాను. ఇది దానం కాదని, పని పోయిన కార్మికుల కోసం చట్టంలోనే ఉందని, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకూ వర్తిస్తుందని, సిటిజన్‌షిప్‌కు అడ్డు రాదని అక్కడి ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇంటికొచ్చాక ఆయన బ్యాడ్మింటన్ వాళ్లకు ఫోన్లు చేసి, తనకు మొదటి నుంచీ తెలిసినట్టే వివరించాడు.

మూడో సంతకం ఫ్యాక్టరీలో పెట్టెలెత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపిన పోలిష్ పెద్దాయనది. ప్రభుత్వం మన మాట వినదని ఆయన గొణిగాడు. అయినా ఏళ్ల తరబడి నా టిఫిన్ డబ్బాలోంచి పులిహోర తిన్న మొహమాటం ఉంది కదా, సంతకం పెట్టాడు.

పిటిషన్ తిరస్కరించారు. ఆర్డర్లు తగ్గాయని కంపెనీ చెప్పిందట, పని బయటికి వెళ్లిందనడానికి ఆధారం లేదట. మళ్లీ పరిశీలించమని అడగడానికి నెల గడువిచ్చారు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆగస్టులో కోర్సు మొదలవుతుంది. ఇది తేలకపోతే నా చదువు కలలోనే ఉండిపోతుంది.

ముగ్గురం మా వంటింట్లో కూర్చున్నాం. పిటిషన్ మాట ఎత్తే ఓపిక ఎవరికీ లేదు. ఊరికే నవ్విద్దామని ఆ వీడియో పెట్టాను. అడుగున స్పానిష్ అక్షరాలు నడుస్తుంటాయి. మా ఫ్యాక్టరీలో సగంమంది స్పానిష్ మాట్లాడేవాళ్లే కనుక నేను పట్టించుకోలేదు, పైగా చివరిదాకా ఎప్పుడూ చూడలేదు. నా స్నేహితురాలు చివరిదాకా చూసి ఫోన్ లాక్కుంది.

"ఇది మనకోసం తీసింది కాదు. సందేహాలుంటే ఫలానా ఊరి ప్లాంట్ సూపర్‌వైజర్‌ని అడగమని ఉంది. ఆ ఊరు మెక్సికోలో ఉంది" అంది.

పెద్దాయన టీ కప్పు కింద పెట్టాడు. ఆఖరి నెలల్లో ఆ ఊరి పేరున్న పెట్టెలు తానే లారీల్లోంచి దించానన్నాడు. వాటిలో ఉన్నవి హార్నెస్‌లే. అంటే నా చేతులతోనే నా పనిని సాగనంపించారన్నమాట. ఆ క్షణంలో నాకు కలిగిన కోపానికి, ఆధారం దొరికిందన్న సంతోషం కూడా తోడైంది.

వీడియో పంపి మళ్లీ అడిగాం. వాషింగ్టన్ నుంచి ఒక అధికారి ఫోన్ చేశాడు. మొహం కనబడటం లేదు, ఆ చేతులు మీవేనని ఎలా చెప్పగలరని అడిగాడు. ఆషాఢం గురించి, పిన్ని పార్సిల్ గురించి, వేళ్ల టోపీల గురించి తీరిగ్గా చెప్పాను. అమెరికా ప్రభుత్వానికి ఆషాఢమాసం గురించి పాఠం చెప్పిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. ఆయన మా సూపర్‌వైజర్‌నీ అడిగాడట. అతను అబద్ధమాడలేదు. ఆ ఎర్ర చేతులు ఆమెవే, కడుక్కోమన్నా పోలేదు అన్నాడట.

గెలిచాం. మా ముగ్గురికే కాదు, ఆ ఫ్యాక్టరీలో పని పోయిన వాళ్లందరికీ వర్తిస్తుందని తీర్పొచ్చింది. సంతకం పెట్టమంటే మొహం చాటేసిన వాళ్లు కూడా ఫోన్ చేసి ఏడ్చారు. ఈసారి నాకు ఒళ్లు మండలేదు, నేనూ వాళ్లతో కలిసి ఏడ్చాను.

అప్పటికి మళ్లీ ఆషాఢం. ఈసారి ఎక్కువ ఆకు పంపమని పిన్నికి చెప్పాను. స్నేహితురాలు రెండు చేతులకూ పెట్టించుకుంది. పెద్దాయన ఒక్క చిటికెన వేలు చాచి, అంతకు మించి వద్దన్నాడు.

కాలేజీ మొదటిరోజు పేర్లు నమోదు చేసే గదిలో ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం. నేను స్కానింగ్‌కు, ఆమె అకౌంట్స్‌కు, ఆయన ఏసీ రిపేర్‌కు. గోళ్ల మీది ఎరుపు ఇంకా పోలేదు. పేర్లు రాసుకుంటున్న అమ్మాయి మా చేతుల్నీ, ఆ పెద్దాయన చిటికెన వేలినీ వింతగా చూసి, ఏమిటది అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే పెద్దాయన వేలు పైకెత్తి చూపించాడు.

"ఎవిడెన్స్" అన్నాడు.